పై వాటా అడ్వాన్సు

ఆ వీధిలో అందరూ ఆమెను అద్దాలక్క అనేవారు. కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో కూర్చుని, ఫ్రేములో ఇమిడేలా అద్దాల అంచులు అరగదీయడం ఆమె పని. వెంట్రుకవాసి గీత ఉన్నా ఆమె కంటికి దొరికిపోయేది. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే భర్త, పదేళ్ళ కూతురు చిట్టి, ఆమె కలిసి పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో పై వాటాలో అద్దెకుంటున్నారు.

కింది వాటాలో ఇంటి ఓనరమ్మ ఒక్కతే ఉండేది. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. మామూలుగా మాట్లాడినా వార్డంతా వినబడేలా మాట్లాడేది. ఊరందరికీ ఆవిడ నర్సమ్మ. అద్దాలక్క ఒక్కతే పిన్నిగారూ అని పిలిచేది. చిట్టి పుట్టినప్పుడు కాన్పుగది బయట తెల్లవార్లూ నిలబడింది నర్సమ్మే. నర్సమ్మ కంటికి ఆపరేషనయినప్పుడు నలభై రోజులపాటు మూడు పూటలా మెట్లు దిగి మందు చుక్కలు వేసింది అద్దాలక్కే. అప్పుడొకసారి ఆవిడ, కళ్ళు మూసుకుని, “నువ్వు నా కడుపున పుట్టాల్సినదానివే” అంది. అన్నది ఒక్కసారే. అద్దాలక్క మాత్రం ఆ మాటను ఎన్నిసార్లు నెమరేసుకుందో లెక్కలేదు.

డిపోను ఊరికి ఆ చివరకు మార్చారు. భర్తకు రానూ పోనూ నాలుగు గంటలు పట్టేది. రెండు నెలలు ఓపిక పట్టి, ఇక లాభం లేదని అటువైపే ఇల్లు చూసుకున్నారు. ఒప్పందంలో ఉన్నట్టే నెల రోజుల ముందుగా కాగితం రాసి, అద్దాలక్క స్వయంగా కిందికి తీసుకెళ్ళింది. నర్సమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనీ, తను ఓదార్చాల్సి వస్తుందనీ మెట్లు దిగుతూ మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

నర్సమ్మ కాగితం చదివి, మడిచి, కళ్ళజోడు పెట్టెలో పెట్టింది. “మంచిదే. మీ ఆయన అరిగిపోతున్నాడు పాపం. ఖాళీ చేసే రోజు మా మేనల్లుడొచ్చి ఇల్లు చూసి అడ్వాన్సు లెక్క తేలుస్తాడు. టులెట్ బోర్డు ఎక్కడ పెట్టానో ఏమిటో” అంటూ మంచం కిందికి వంగింది.

ఓదార్పు మాటలన్నీ అలాగే మిగిలిపోయాయి.

బోర్డు పెట్టిన మూడో రోజుకే మనిషి కుదిరింది. పాతికేళ్ళుంటాయేమో, పుస్తకాలకు అట్టలు కుట్టి బైండింగ్ చేసే అమ్మాయి. వేళ్ళ చివర్లకు ఎండిన జిగురు, చెవి వెనక పెన్సిలు. ముందుగదిలో బల్ల వేసుకుని పని, లోపలిగదిలో కాపురం. అదీ ఆమె లెక్క. సాయంత్రం అద్దాలక్క షాపు నుంచి వచ్చేసరికి ఆ అమ్మాయి నర్సమ్మ మంచం మీదే కూర్చుని, ఆవిడ మందుల చీటీలన్నీ తేదీలవారీగా పేర్చి దారంతో కుట్టిపెడుతోంది.

“చూశావా, ఎంత ముచ్చటగా కుడుతోందో!” అంది నర్సమ్మ.

“అమ్మమ్మా, నువ్వు కదలకు, దారం జారిపోతోంది” అంది ఆ అమ్మాయి.

నువ్వు! అద్దాలక్క గుమ్మంలోనే ఆగిపోయింది. పదకొండేళ్ళలో తను ఒక్కనాడు మీరు అనే మాట దాటలేదు. చనువు తీసుకుంటే ఏమనుకుంటుందో అని నోటిదాకా వచ్చింది కూడా మింగేసింది. ఇది మూడు గంటల్లో నువ్వు దాకా వచ్చేసింది. పైగా నర్సమ్మ నవ్వుతోంది!

“తలనొప్పిగా ఉంది పిన్నిగారూ” అని పైకెళ్ళిపోయింది. నర్సమ్మ ఎందుకని అడగలేదు.

షాపులో బిల్లులు రాసే పెద్దాయన చాలా ఇళ్ళు మారిన మనిషి. మర్నాడు మధ్యాహ్నం ఆమె సంగతి చెబితే ఆయన చేతిలో కలం పక్కన పెట్టాడు.

“అడ్వాన్సంటే మూడు నెలల అద్దె, ఊరికే వదులుకునేది కాదు. ప్రేమలు ప్రేమలే, కాగితం కాగితమే. చేరిన రోజు ఏం ఉన్నాయో రాసుకున్న జాబితా ఉందా?”

“ఉందండీ. ఫ్యాన్లు, బల్బులు, కుళాయిలు, అన్నీ రాసి ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం.”

“గోడలు?”

“గోడల గురించి రాయలేదు.”

“అక్కడే దెబ్బ తింటారు అందరూ. సరే. ఇల్లు కడిగాక గదిగదికీ ఫొటోలు తీసుకో. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసుకో. మేకుల రంధ్రాలు లప్పంతో పూడ్పించు. తాళాలు ఊరికే చేతిలో పెట్టకు, ముట్టినట్టు సంతకం తీసుకో. ఏదైనా పాడయిందని ఇంతకుముందు చెప్పి ఉంటే, రాతపూర్వకంగా చెప్పావా?”

అద్దాలక్కకు లోపలిగదిలో బీరువా వెనక గోడ గుర్తుకొచ్చింది.

స్నానాలగదికి ఆనుకున్న గోడ అది. రెండేళ్ళ కిందట దాని మీద చెమ్మ కనబడింది. అప్పుడే నర్సమ్మకు చెప్పింది. నోటిమాటగా, అదీ చుక్కలు వేస్తూ వేస్తూ. “చూద్దాంలే” అందావిడ. రెండోసారి చెబితే బాగుండదని బీరువాను జరిపి అడ్డం పెట్టేసింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి బీరువా లాగి చూస్తే, చెమ్మ మనిషెత్తు దాకా పాకి, సున్నం పొరలు పొరలుగా లేచి ఉంది.

“ఆ మేనల్లుడు చూశాడంటే మన నెత్తినే రుద్దుతాడు. గోడంతా చెక్కించి మళ్ళీ కట్టించిన ఖర్చు మన అడ్వాన్సులోంచే పోతుంది” అంది భర్తతో.

“నర్సమ్మగారికి ముందే చెప్పావుగా.”

“ఆవిడకి ఇప్పుడు నేనేం చెప్పానో గుర్తుంటుందా? ఆవిడ లోకమే వేరు. అమ్మమ్మా అంటే చాలు, కరిగిపోతోంది.”

భర్త తువ్వాలుతో చేతుల గ్రీజు తుడుచుకుంటూ, “ఆ పిల్ల మంచిదేనే. నిన్న నా టూల్‌బాక్సు మూత ఊడిపోతే, గట్టి గుడ్డ అంటించి భలే బిగించి ఇచ్చింది” అన్నాడు.

“మీకు కూడానా?”

“ఏమిటి నాకు కూడా?”

ఆ పూట భర్త పళ్ళెంలో కూర కాస్త తక్కువే పడింది.

ఆదివారం ఆ అమ్మాయి కొలతలు తీసుకోవడానికి పైకి వచ్చింది. వచ్చీ రాగానే చిట్టిని దగ్గరకు తీసుకుంది. చిట్టి తన చిరిగిన దేశపటాల పుస్తకం తెచ్చి చూపించింది. ఆ అమ్మాయి నేల మీద బాసింపట్టు వేసుకుని, విడిపోయిన కాగితాలను ఒక్కొక్కటిగా సర్ది, అరగంటలో కొత్త పుస్తకంలా కుట్టిచ్చింది. చిట్టి దాన్ని గుండెలకు హత్తుకుని, “అమ్మా, నువ్వు గమ్ పెడితే రెండు రోజులకే ఊడిపోయింది కదూ!” అంది.

“అవునమ్మా. నాకేం చేతనవుతుంది” అంది అద్దాలక్క.

ఆ అమ్మాయికి ఆ మాటలో పదును అర్థం కాలేదో, అర్థమైనా పట్టించుకోలేదో, టేపు పట్టుకుని లోపలిగదిలోకి వెళ్ళింది. గదంతా కలియజూసి, సరిగ్గా బీరువా ఉన్న గోడ దగ్గరే ఆగింది.

“అక్కా, కాగితం కట్టలు ఇక్కడ పేరుద్దామనుకుంటున్నా. ఎండ తగలదు. కానీ చెమ్మ తగిలితే కాగితం ఉబ్బిపోయి దేనికీ పనికిరాదు. కిందటి ఇంట్లో అలాగే సగం సరుకు పోయింది. ఈ గది పొడిగానే ఉంటుందిగా?”

అద్దాలక్క ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో అనుమానం లేదు. నర్సమ్మ మంచం మీద కూర్చున్నప్పుడూ ఆ ముఖం అలాగే ఉంది. ఎక్కడికెళ్ళినా తనకు చోటుంటుందన్న ధీమా.

“ఉంటుంది” అంది.

ఒక్క మాట. అది చాలా తేలిగ్గా వచ్చింది. అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకే ఒక క్షణం భయమేసింది. కానీ కింద నుంచి నర్సమ్మ “అమ్మడూ, టీ చల్లారిపోతోందే” అని కేకేసింది. ఆ పిలుపు తనకేమో అనుకుని అద్దాలక్క గబుక్కున మెట్ల దాకా వెళ్ళింది. నర్సమ్మ తలెత్తి చూసి, “నువ్వు కాదమ్మా, ఆ పిల్లని పంపు” అంది. అక్కడితో ఆ భయం కాస్తా ఎగిరిపోయింది.

ఆ వారమంతా ఆమె కసికొద్దీ పనిచేసింది. షాపు నుంచి వచ్చి నడుం వాల్చకుండా కిటికీ ఊచలు తోమేది. వంటగది గోడ మీద నూనె జిడ్డును సబ్బునీళ్ళతో వదిలించింది. మేకుల రంధ్రాల్లో లప్పం కూరి, గరుకు కాగితంతో రుద్ది, వేలితో తడిమి చూసేది. అద్దం అంచు నునుపు చేసినట్టే చేసింది. కారుతున్న కుళాయికి భర్తచేత కొత్త వాషరు వేయించింది. చివరికి బీరువా వెనక గోడ మిగిలింది. లేచిన సున్నం గీకేసి, రెండు పూతలు లప్పం పెట్టి, పైన రంగు వేసింది. తడి గోడ రంగును ఓ పట్టాన పట్టలేదు. రెండు రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టి, మళ్ళీ వేసింది. పని అయ్యాక వెనక్కి జరిగి చూస్తే, తన కంటికి కూడా ఏమీ దొరకలేదు.

ఖాళీ చేసే రోజు పొద్దున్నే సామాను వ్యానుకెక్కించారు. మేనల్లుడు పదింటికి వచ్చాడు. బడిలో లెక్కల మాస్టారు. జేబులో ఎర్ర కలం. పాత జాబితా పట్టుకుని గదిగదీ తిరిగాడు. ప్రతి స్విచ్చూ వేసి చూశాడు. కుళాయిలు తిప్పాడు. సింకు కిందికి వంగి వాసన చూశాడు. అద్దాలక్క పెద్దాయన చెప్పినట్టే ఫొటోలన్నీ ఫోనులో తీసి పెట్టుకుని వెనకే నడిచింది. లోపలిగదిలో మాస్టారు ఆ గోడను వేళ్ళతో రెండుసార్లు కొట్టి, “రంగు వేయించినట్టున్నారే?” అన్నాడు.

“మాసిందని వేశామండీ.”

“బాగుంది” అని టిక్కు పెట్టాడు.

కింద నర్సమ్మ ముందుగదిలో సంతకాలయ్యాయి. తాళాలిచ్చి, ముట్టినట్టు రాయించుకుంది. మూడు నెలల అడ్వాన్సు మొత్తం, కోత లేకుండా, కవరులో పెట్టి చేతికిచ్చాడు మాస్టారు. బైండింగ్ అమ్మాయి అప్పటికే తోపుడుబండి మీద కాగితం కట్టలు తెచ్చి, ఒక్కొక్కటే భుజాన వేసుకుని పైకి చేరుస్తోంది. మధ్యలో మంచినీళ్ళ కోసం వచ్చి గుమ్మంలో నిలబడింది.

నర్సమ్మ ఆ అమ్మాయివైపు చూసి, తన వార్డు గొంతుతో అంది: “ఒసేయ్, బాగా విను. పదకొండేళ్ళు ఉందీ అమ్మాయి. ఒక్క రోజు అద్దె ఆలస్యం చేయలేదు, ఒక్క అబద్ధం ఆడలేదు, గోడ మీద గీత పడనివ్వలేదు. నా కన్నకూతురున్నా ఇంతకంటే చేయదు. నువ్వెంత అమ్మమ్మా అమ్మమ్మా అని తిరిగినా, ఈవిడ కాలిగోటికి సరిపోవు. తెలిసిందా?”

బైండింగ్ అమ్మాయి ముఖం చిన్నబోయింది. నవ్వబోయి, నవ్వు రాక, గ్లాసులోకి చూసింది. ఆ చూపేమిటో అద్దాలక్కకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నెల రోజులుగా తన ముఖం ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు ఎదురుగా కనబడుతోంది.

వినాలని పదకొండేళ్ళు కాచుకున్న మాట. అదీ ఆ పిల్ల ముందు. సంతోషం రావాలి. రాలేదు. ఒక్క అబద్ధం ఆడలేదు అన్న దగ్గర మాత్రం చెవులు వేడెక్కాయి. పైన లోపలిగదిలో, ఆ గోడకు ఆనించి, కట్ట మీద కట్ట లేస్తోంది.

ఆమె సెలవు తీసుకుని వ్యాను దాకా నడిచింది. భర్త డ్రైవరును బండి తీయమన్నాడు. చిట్టి ఒళ్ళో పుస్తకం పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

“ఒక్క నిమిషం” అంది అద్దాలక్క.

“ఏమైనా మర్చిపోయావా?”

ఆమె వెనక్కి వెళ్ళింది. కింద ఆగకుండా తిన్నగా మెట్లెక్కి, లోపలిగదిలో కట్టలు పేరుస్తున్న అమ్మాయి దగ్గర నిలబడింది.

“ఇవి ఇక్కడ పెట్టకు.”

“ఏం అక్కా?”

“గోడ తడిది. లోపల పైపు కారుతోందేమో. రెండేళ్ళుగా ఉంది. నువ్వడిగిన రోజు నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. రంగు వేసి కప్పేశాను.”

ఆ అమ్మాయి అరచెయ్యి గోడకు ఆనించింది. తర్వాత, “ఎందుకు?” అంది.

“అడ్వాన్సు పోతుందని.” అని ఆగి, “అదొక్కటే కాదు. నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండేది” అంది అద్దాలక్క.

ఆ అమ్మాయి థాంక్సూ చెప్పలేదు, తిట్టనూ లేదు. పై కట్ట ఎత్తి భుజాన వేసుకుని ముందుగదిలోకి నడిచింది. అద్దాలక్క రెండో కట్ట ఎత్తుకుంది. ఇద్దరూ మాట్లాడకుండా పదమూడు కట్టలూ మార్చారు.

ఆ తర్వాత కిందికొచ్చి నర్సమ్మకు చెప్పింది. అది పైన చెప్పినదానికంటే కష్టమైంది. నర్సమ్మ గొంతు మొదటిసారి చిన్నదైంది. “నా దగ్గరా దాచావా?” అంది, అంతే. మాస్టారు మాత్రం ఎర్ర కలం తీశాడు. “మీరు రాసిచ్చిన ఫిర్యాదు ఏదీ లేదు. పైగా కప్పిపుచ్చారు. గోడ తెరిచి చూసేదాకా సగం నా దగ్గర ఉంటుంది” అన్నాడు. అద్దాలక్క కవరు తెరిచి సగం తీసి ఇచ్చి, “ఆపి ఉంచామని రాసివ్వండి” అంది. అంతలోనూ ఆ కాగితం అడగడం మాత్రం మర్చిపోలేదు. మాస్టారు రాసిచ్చాడు.

వ్యానులో భర్తకు అంతా చెప్పింది. “చెప్పి మంచి పని చేశావు. కాని సామాను ఎక్కించకముందే చెప్పుంటే వ్యానువాడికి గంటసేపు ఎక్స్‌ట్రా తప్పేదిగా” అన్నాడతను.

మూడు వారాల తర్వాత మాస్టారు ఫోను చేసి రమ్మన్నాడు. ప్లంబరు గోడ తెరిచాడట. స్నానాలగది పైపు లోపలి అతుకు దగ్గర తుప్పు పట్టి చిల్లు పడిందట. ఇల్లు కట్టినప్పటి పైపు. అద్దాలక్క సెలవు పెట్టుకుని రెండు బస్సులు మారి వెళ్ళింది.

నర్సమ్మ ముందుగదిలోనే కూర్చుని ఉంది. ముఖం ఇంకా బిగించుకునే ఉంది. మాస్టారు రంగుకయిన ఖర్చంటూ ఏదో మొదలుపెట్టగానే, “ఆపరా నువ్వు. రెండేళ్ళ కిందట నాకు చెప్పింది ఈ అమ్మాయి. చూద్దాంలే అన్నది నేను. గుర్తులేనంత ముసలిదాన్ని కాలేదింకా. మొత్తం ఇచ్చెయ్” అంది. మాస్టారు ఎర్ర కలం జేబులో పెట్టుకున్నాడు.

“దాచినందుకు మాత్రం నాకు కోపమే” అంది అద్దాలక్కతో.

“ఉండాలి పిన్నిగారూ.”

“ఎన్నాళ్ళుంటుందో నాకే తెలియదు.”

“ఉన్నన్నాళ్ళు ఉండనివ్వండి. నేను వస్తూనే ఉంటాను.”

నర్సమ్మ కుర్చీ చూపించింది. అంతలో బైండింగ్ అమ్మాయి టీ పట్టుకొచ్చింది. నర్సమ్మ ముందు ఒక గ్లాసు, మాస్టారి ముందు ఒకటి, అద్దాలక్క ముందు ఒకటి పెట్టింది. “గోడ ఆరింది” అంది పొడిగా. “మంచిది” అంది అద్దాలక్క. ఇద్దరి మధ్యా అంతకుమించి మాటలు రాలేదు. నర్సమ్మ గ్లాసు ఎత్తి, అమ్మడూ అమ్మడూ అంటూ ఏదో చెబుతూ చివరి చుక్క దాకా తాగింది.

ఇంటికి చేరేసరికి భర్త డ్యూటీ దిగి వచ్చి ఉన్నాడు.

“మొత్తం ఇచ్చారా?”

“ఇచ్చారు.”

“మరి ముఖం అలా పెట్టావేం?”

అద్దాలక్క చెప్పులు విడిచి గోడకు చేరగిలబడింది.

“ఆ పిల్ల టీలో పంచదార అంతా కుమ్మరించేస్తుందండీ. పాకమే అనుకోండి. ఆవిడ కిక్కురుమనకుండా తాగేసింది. అదే నేను అరచెంచా ఎక్కువ వేసి ఉంటే, గ్లాసు తెచ్చి నా ముందే ఒంపేసేది కాదూ?”

భర్త పకపకా నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

“నవ్వకండి” అంది. “నాకింకా మండుతూనే ఉంది.”